ఫెండర్ కోయకుండా 8 అంగుళాల రిమ్ములు: ఒక డాట్సన్ 240జెడ్ కేస్ స్టడీ

నేపథ్యం

ఇది అమెరికా పడమటి తీరంలో ఉన్న ఒక డాట్సన్ 240జెడ్ కథ. యజమాని ఎవరు, ఏ ఊరు, కారు రంగేమిటి వంటివి వదిలేశాను. కొలతలు మాత్రం ఆ కారు మీద తీసినవే. పాత స్పోర్ట్స్ కార్ల సస్పెన్షన్ పని నా వృత్తి. వెడల్పు చక్రాలు వేశాక టైరు ఫెండర్‌కు (చక్రం పైన ఉండే బాడీ రేకుకు) తగులుతోందని వచ్చే కార్లలో ఎక్కువ వాటికి అప్పటికే ఫెండర్ అంచు సుత్తి దెబ్బలు తిని ఉంటుంది. ఈ కారుకూ అదే జరిగింది. కానీ ఇందులో కావలసిన చోటు ఫెండర్ వైపు లేదు, చక్రం లోపలి పక్క, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే నిలువు కాలు) వైపు ఉంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

కారు గురించి కొంత చెప్పాలి. 240జెడ్‌ను జపాన్ కంపెనీ నిస్సాన్‌కు చెందిన డాట్సన్ 1969 అక్టోబరులో బయటపెట్టింది. అమెరికాలో కంపెనీని నడిపిన యుటాకా కటయామా దీని వెనక నిలబడ్డారు. 2,393 సీసీ ఆరు సిలిండర్ల ఎల్24 ఇంజను, నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్, ధర 3,526 డాలర్లు. ఆ ధరకు అలాంటి కారు అప్పట్లో దొరికేది కాదు. పీటర్ బ్రాక్ నడిపిన బీఆర్‌ఈ జట్టు తరఫున జాన్ మార్టన్ 1970, 1971 సంవత్సరాల్లో అమెరికా ఎస్‌సీసీఏ రేసుల్లో సి-ప్రొడక్షన్ తరగతి టైటిల్ గెలిచింది దీని మీదే. ఇంత కారుకు ఫ్యాక్టరీ ఇచ్చిన రిమ్ము 14 అంగుళాల ఎత్తు, నాలుగున్నర అంగుళాల వెడల్పు, దాని మీద 175 మి.మీ. వెడల్పు టైరు. ఈ రోజుల్లో 240జెడ్ కొన్నవాళ్ళు మొదట మార్చాలనుకునేది చక్రాలనే. అందులో తప్పేమీ లేదు. ఆ ఇంజను శక్తికి, ఆ బాడీ గీతకు సన్న టైరు నిజంగానే చాలదు.

ఈ యజమాని ముందే ఒక షరతు పెట్టారు. రేకు ఎక్కడా కోయకూడదు, పైన అదనపు ఫెండర్లు రివెట్లతో బిగించకూడదు. జపాన్‌లో 1971లో వచ్చిన, ఇదే కారుకు మరో రూపమైన ఫెయిర్‌లేడీ 240జెడ్‌జీకి అలాంటి అదనపు ఫెండర్లు ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. అందువల్ల ఆ దారి కారు చరిత్రకు పరాయిది కాదు. అయినా వాటి కింద నిజంగా పెద్ద చక్రం పట్టాలంటే అసలు ఆర్చ్‌ను (చక్రం చుట్టూ వంగిన రేకును) కోసి, లోపలి పొరను మళ్ళీ వెల్డింగ్ చేయాలి. తుప్పు పట్టకుండా, అసలు రేకుతో మిగిలిన 240జెడ్‌లు తగ్గిపోతున్న కాలంలో ఆయన షరతు నాకు పూర్తిగా నచ్చింది.

వచ్చిన ఇబ్బంది

ఆయన కొన్న రిమ్ములు 16×8 (అంగుళాల్లో ఎత్తు, వెడల్పు), ఆఫ్‌సెట్ సున్నా. అంటే హబ్‌కు (చక్రం బిగిసే భాగానికి) ఆనే ముఖం రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉంది; ఆఫ్‌సెట్ ప్లస్ వైపు పెరిగేకొద్దీ చక్రం లోపలికి జరుగుతుంది. టైర్లు 225/50 ఆర్ 16, అంటే పేరుకు 225 మి.మీ. వెడల్పువి. టైరు మొత్తం ఎత్తు 631 మి.మీ. పాత 175 టైరు ఎత్తు కూడా దాదాపు అంతే కాబట్టి ఎత్తుతో గొడవ లేదు, స్పీడోమీటరు కూడా సరిగ్గానే చూపిస్తుంది. గొడవంతా వెడల్పుతోనే.

ఒక్కరే నడిపితే కారు బాగానే పోయేది. పక్కన మరొకరు కూర్చుని, రోడ్డు మీద కాస్త ఎత్తుపల్లం వస్తే వెనక కుడి వైపు బరబరమని చప్పుడు. ముందు చక్రాలు స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఇంటి ముందు వాలు ఎక్కేటప్పుడు మాత్రమే తగిలేవి. కుడి వెనక టైరు బయటి భుజం మీద రబ్బరు ఒక పట్టీలా గీరుకుపోయి, మెరుస్తూ కనిపించింది.

నా దగ్గరికి రాకముందు వేరే చోట మూడు పనులు చేయించారు. గట్టి స్ప్రింగులు వేశారు. వెనక ఆర్చ్‌ల అంచులను లోపలికి మడిచారు. వెనక కింది ఆర్ములకు, రంధ్రం మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉండే బుష్‌లు (ఆర్ము కీలులో కూర్చునే గొట్టాలు) వేసి నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం తల లోపలికి వాలే కోణం, పెంచారు. మూడూ అయ్యాక కూడా చప్పుడు పోలేదు. కుడి వైపు ఇంకాస్త పెరిగిందని ఆయన చెప్పారు.

ఆ మూడూ ఎందుకు పనిచేయలేదు

గట్టి స్ప్రింగు చక్రం పైకి రావడాన్ని ఆలస్యం చేస్తుంది తప్ప ఆపదు. పెద్ద గుంటలో పడితే చక్రం ఎక్కడిదాకా రాగలదో అక్కడిదాకా వచ్చే తీరుతుంది. తగలడం అరుదవుతుంది, కానీ తగిలినప్పుడు దెబ్బ గట్టిగా పడుతుంది. మధ్యలో కారు ప్రయాణమే కుదుపుల మయమైంది.

అంచు మడత గురించి ఈ కారు విషయంలో ప్రత్యేకంగా చెప్పాలి. 240జెడ్ ముందు ఫెండర్ బోల్టులతో బిగించిన ఒంటి పొర రేకు. దాని అంచును రంగు వేడి చేసి, రోలరుతో కొద్దికొద్దిగా మడిస్తే ఒదుగుతుంది. వెనక ఆర్చ్ అలా కాదు. బయటి పొర, లోపలి చక్రపు గూడు పొర, రెండూ అంచు దగ్గర కలిసి స్పాట్ వెల్డులతో అతుక్కుని ఉంటాయి. రెండు పొరలను కలిపి మడిస్తే వెల్డు విడుతుంది, మధ్యలోని సీలెంట్ పగులుతుంది, ఆ పగుల్లోకి నీళ్ళు చేరతాయి. ఈ కార్లు ఎక్కువగా తుప్పు పట్టే చోట్లలో అదొకటి. లైటు పెట్టి చూస్తే కుడి ఆర్చ్ పైభాగంలో రంగు వెంట్రుకలా చీలి ఉంది. వేలి గోరు పెడితే రెండు పొరలు విడివడి కదిలాయి.

మూడోది క్యాంబర్. ఈ కేసులో అన్నిటికంటే విలువైన పాఠం నాకు ఇక్కడే దొరికింది. చక్రం తల లోపలికి వాలితే ఫెండర్ నుంచి దూరం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. వాలు ఎక్కడి నుంచి తెచ్చామన్నదాన్ని బట్టే అది నిజమవుతుంది. గోడకు ఆనించిన నిచ్చెన వాలు పెంచాలంటే తలను గోడ వైపు జరపవచ్చు, లేదా కాళ్ళను ఇవతలికి లాగవచ్చు. కోణం రెండిటిలో ఒకటే, నిచ్చెన నిలిచే చోటు మాత్రం వేరు. 240జెడ్ వెనక సస్పెన్షన్‌లో చక్రం, స్ట్రట్ కలిసే వాలతాయి. కింది ఆర్ము బుష్ ద్వారా క్యాంబర్ పెంచితే స్ట్రట్ తల కదలదు, కాళ్ళు బయటికి వస్తాయి. ఒక డిగ్రీకి హబ్ సుమారు 8 మి.మీ. బయటికి జరుగుతుంది. టైరు పైభాగం స్ట్రట్ తలకు కిందే ఉంటుంది కాబట్టి అది కూడా 3–4 మి.మీ. బయటికే వస్తుంది. అలైన్‌మెంట్ కాగితం మీద క్యాంబర్ పెరిగింది, ఫెండర్ దగ్గర మాత్రం చోటు తగ్గింది. కుడి వైపు చప్పుడు పెరిగిందన్న యజమాని మాట అక్షరాలా నిజం.

ఆ బుష్‌లు తీసి మామూలు బుష్‌లు వేశాను. అప్పుడు వెనక క్యాంబర్ ఎడమ చక్రానికి నెగటివ్ 1 డిగ్రీ, కుడి చక్రానికి నెగటివ్ అర డిగ్రీ అని తేలింది. యాభై ఏళ్ళు దాటిన బాడీలో ఇంత తేడా నాకు ఆశ్చర్యం కలిగించదు.

కొలత

చక్రం వేసి, కారును నేల మీద నిలబెట్టి, వేళ్ళు దూర్చి చూసే కొలతను నేను లెక్కలోకి తీసుకోను. స్ప్రింగు విప్పి, బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ) తీసి, స్ట్రట్‌ను మళ్ళీ బిగించి, హబ్ కింద జాకీ పెట్టి, చక్రం పైకి పోగలిగినంత పైకి లేపి కొలవాలి. ముందు వైపైతే ఆ ఎత్తులోనే స్టీరింగ్ రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి కొలవాలి. చక్రం బదులు హబ్‌కు ఒక ఇనుప పట్టీ బిగిస్తాను. దాని మీద జరిగే పిన్ను టైరు భుజం ఎత్తులో ఫెండర్ అంచును తాకేదాకా ఒకసారి, లోపల స్ప్రింగ్ కూర్చునే పళ్ళేన్ని తాకేదాకా ఒకసారి జరిపి రాసుకుంటాను.

హబ్ ముఖం నుంచి ఫెండర్ అంచుకు ఎడమ వెనక 112 మి.మీ., కుడి వెనక 106 మి.మీ. వచ్చాయి. హబ్ ముఖం నుంచి లోపలి స్ప్రింగ్ పళ్ళేనికి రెండు వైపులా 122 మి.మీ.

ఇప్పుడు చక్రం లెక్క. 8 అంగుళాల రిమ్ము అంటే టైరు అంచులు కూర్చునే చోట్ల మధ్య దూరం 8 అంగుళాలు. పెదవులతో కలిపి మొత్తం వెడల్పు సుమారు 9 అంగుళాలు. 225/50 టైరు వెడల్పును కొలిచే ప్రామాణిక రిమ్ము 7 అంగుళాలది. రిమ్ము అర అంగుళం పెరిగినప్పుడల్లా టైరు పొట్ట సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. అంటే 8 అంగుళాల రిమ్ము మీద ఈ టైరు అసలు వెడల్పు 235 మి.మీ. ఆఫ్‌సెట్ సున్నా కాబట్టి హబ్ ముఖానికి అటూ ఇటూ 117.5 మి.మీ. చొప్పున ఉంటుంది.

బయట ఎడమ వైపు 5.5 మి.మీ., కుడి వైపు 11.5 మి.మీ. తక్కువ. లోపల మిగిలింది 4.5 మి.మీ. మాత్రమే. ఈ అంకెలు కాగితం మీదికి రాగానే ఫెండర్ అంచు ఎంత మడిచినా ఈ చక్రం ఇక్కడ పట్టదని తెలిసిపోయింది. అంచు మడత నిజానికి ఇచ్చేది కొద్ది మిల్లీమీటర్లు. చక్రాన్నే లోపలికి జరపాలి. లోపల అడ్డుగా ఉన్నది స్ప్రింగు పళ్ళెం.

దారి ఎంచుకోవడం

ముందు ఆయనకు చెప్పింది 15×7 రిమ్ముకు, 205/60 టైరుకు మారమని. ఆ కొలత ఈ కారులో పెద్దగా దేన్నీ ముట్టుకోకుండా ఒదుగుతుంది, మామూలు రోడ్డు మీద నడపడానికి చాలు కూడా. ఆయన ఒప్పుకోలేదు. వెనక 8 అంగుళాల రిమ్ము కావాలన్నది ఆయన ఎన్నాళ్ళ నుంచో పెట్టుకున్న కోరిక. ఖర్చు, శ్రమ తెలిసి అడిగినప్పుడు దాన్ని సరిగ్గా చేసి ఇవ్వడం నా పని.

రెండో ఆలోచన, ఉన్న రిమ్ములనే హబ్‌కు ఆనే ముఖం దగ్గర చెక్కి ఆఫ్‌సెట్ పెంచడం. ఒకటి రెండు మిల్లీమీటర్లయితే ఆలోచించేవాడిని. కావలసింది అంతకు చాలా రెట్లు. నట్లు బిగిసే చోట లోహం పలచబడటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఆ దారి అక్కడే వదిలేశాను.

మిగిలింది స్ట్రట్. ఫ్యాక్టరీ స్ప్రింగు లావైనది, దాని పళ్ళెం ఇంకా వెడల్పైనది. దాని స్థానంలో రెండున్నర అంగుళాల లోపలి వ్యాసం ఉన్న సన్న స్ప్రింగు, మర ఉన్న గొట్టం, తిప్పి ఎత్తు సవరించుకునే కాలరు వేస్తే టైరు వైపు చోటు వస్తుంది. ఇందుకు పాత పళ్ళేన్ని స్ట్రట్ గొట్టం మీద నుంచి కోయాలి. అది తిరిగి అతికించలేని పని. అందుకని ఆయన చేత వేరే కారు నుంచి విప్పిన స్ట్రట్ గొట్టాలు నాలుగు కొనిపించాను. కోసింది వాటినే. కారుతో పుట్టిన నాలుగూ శుభ్రం చేసి, నూనె పూసి, పెట్టెలో పెట్టి ఇచ్చాను. రేపు ఎవరైనా కారును ఫ్యాక్టరీ రూపానికి తేవాలంటే ఆ బోల్టులు విప్పి ఇవి బిగిస్తే చాలు. రేకును కాపాడాలన్న షరతును నేను అర్థం చేసుకున్న తీరు ఇది. విప్పగలిగిన భాగం మీద ప్రయోగం చేయవచ్చు, బాడీ మీద చేయకూడదు.

కారు 25 మి.మీ. కిందికి దిగాలని ఆయన అడిగారు. గొట్టం అలాగే ఉంచి కిందికి దించితే షాక్ అబ్జార్బర్ కడ్డీకి లోపలికి పోయే దూరం తగ్గిపోతుంది, చిన్న గుంటకే అడుగు తాకుతుంది. అందుకని గొట్టాన్ని తగినంత పొట్టి చేసి, దానికి సరిపోయే పొట్టి కార్ట్రిడ్జ్ (గొట్టం లోపల కూర్చునే షాక్ అబ్జార్బర్) వేశాను. వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం నిటారుగా ఉందా లేదా అన్నది మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. అర డిగ్రీ వంకర వచ్చినా క్యాంబర్‌లో తేలుతుంది.

మళ్ళీ అదే పద్ధతిలో కొలిస్తే లోపలి చోటు 122 నుంచి 139 మి.మీ.కు పెరిగింది. ఆఫ్‌సెట్ ఇప్పుడు నిర్ణయించవచ్చు. ప్లస్ 20 అయితే లోపల మిగిలేది ఒకటిన్నర మి.మీ. అది చాలదు. ప్లస్ 10 అయితే కుడి వైపు బయట ఇంకా తగులుతుంది. ప్లస్ 15 దగ్గర లోపల 6.5 మి.మీ., బయట ఎడమ 9.5, కుడి 3.5 మి.మీ. మిగులుతాయి. లోపల 6.5 చాలని ఎలా అనుకున్నానంటే, స్ట్రట్, చక్రం ఒకే ముక్కలా కలిసి కదులుతాయి కాబట్టి ఆ సందు సస్పెన్షన్ కదలికతో మారదు. మలుపులో టైరు గోడ వంగడం ఒక్కటే లెక్క. బయట మాత్రం అలా కాదు, ఆర్ము బుష్‌లు నలుగుతాయి, బాడీ కూడా కాస్త వంగుతుంది. అందుకని అక్కడ 8 మి.మీ.కు తగ్గితే నేను ఒప్పుకోను.

మూడు ముక్కల రిమ్ములు 16×8, ప్లస్ 15 ఆఫ్‌సెట్‌తో చేయించారు. హబ్ మీద మధ్యరంధ్రం 73.1 మి.మీ. ఖచ్చితంగా కూర్చునేలా చూసుకున్నాం. ఎడమ వైపు సరిపోయింది. కుడి వైపు 3.5 మిగిలిపోయింది.

ఇక్కడ క్యాంబర్ పనికొచ్చింది, ఈసారి పై నుంచి. స్ట్రట్ తల దగ్గర ఫ్యాక్టరీ మూడు రంధ్రాల్లోకే బిగిసే ప్లేటు, దానిలో బేరింగు ఒక పక్కకు జరపవచ్చు. సన్న స్ప్రింగు ఉంది కాబట్టే టవర్ (స్ట్రట్ తల బిగిసే బాడీ గూడు) లోపల తలను జరపడానికి వీలైంది. పాత లావు స్ప్రింగుతో ఈ ప్లేటు ఉన్నా లాభం లేదు. తలను సుమారు 10 మి.మీ. లోపలికి జరిపితే ఒక డిగ్రీ, టైరు పైభాగం దగ్గర 6 మి.మీ. చోటు. రెండు వైపులా నెగటివ్ 1.5 డిగ్రీలకు తెచ్చాను. ఎడమ అర డిగ్రీ, కుడి ఒక డిగ్రీ పెరిగాయి. బయట మిగిలింది ఎడమ 12.5, కుడి 9.5 మి.మీ. ఎడమ, కుడి మధ్య మొదట కనిపించిన 6 మి.మీ. తేడాలో సగం క్యాంబర్ తేడాదేనని అప్పుడు రుజువైంది. మిగతా సగం బాడీది, దాన్ని అలాగే వదిలేశాను.

ముందు చక్రాలు

ముందు కథ వేరు. అక్కడ అవే రిమ్ములు పైకి లేచినప్పుడు తగలడం లేదు, తిరిగినప్పుడు టైరు ముందు అంచు కింది వాలెన్స్ (ముందు బంపరు కింది రేకు) మూలకు తగులుతోంది. ఈ కారులో కింది ఆర్మును ముందు వెనకలకు కదలకుండా పట్టే కడ్డీ చక్రం వెనక వైపు ఫ్రేముకు బిగిసి ఉంటుంది. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్ట్రట్ వెనక్కి వాలే కోణం) పెంచుదామని ఆ కడ్డీని పొడుగు చేసేవారు చక్రాన్ని వాలెన్స్ మీదికే నెడుతున్నారన్నది గమనించాలి. సవరించుకునే కడ్డీ వేసి 4 మి.మీ. తగ్గించాను. దానివల్ల క్యాస్టర్ తగ్గుతుంది, స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వచ్చే గుణం కూడా తగ్గుతుంది. ఆ నష్టాన్ని పై ప్లేటులో స్ట్రట్ తలను వెనక్కి జరిపి పూడ్చాను. ఆపైన ఫెండర్ బోల్టుల రంధ్రాల్లో ఉండే కాస్త సందును వాడుకుని ఫెండర్‌నే 2 మి.మీ. ముందుకు సర్ది, తలుపు దగ్గర గీత సమంగా ఉందో లేదో చూసుకున్నాను. ముందు అంచు మడవలేదు.

ఇంకో లాభం కూడా వచ్చింది. ఆఫ్‌సెట్ సున్నా రిమ్ములతో ముందు టైరు నేలను తాకే చోటు స్టీరింగ్ తిరిగే ఇరుసు నుంచి బాగా బయటికి పోయింది. పవర్ స్టీరింగ్ లేని కారులో దాని ఫలితం చేతులకు వెంటనే తెలుస్తుంది. రోడ్డు మీద గాడి వస్తే స్టీరింగ్ గుంజేది. ప్లస్ 15తో ఆ గుంజుడు చాలావరకు పోయింది. కారు ఆపి స్టీరింగ్ తిప్పేటప్పటి బరువు మాత్రం కొంత మిగిలింది, 225 టైరుతో అది తప్పదని ముందే చెప్పాను.

ఆర్చ్ బాగుచేత, పరీక్ష

విడిపోయిన వెనక ఆర్చ్ అంచులను తెరిచి, లోపల పట్టడం మొదలైన తుప్పును గీకి, వెల్డులు మళ్ళీ వేయించి, ఎపాక్సీ ప్రైమరు, సీమ్ సీలెంట్ పెట్టించాను. మడిచిన అంచును తిరిగి అసలు ఆకారానికి తేవడానికి ప్రయత్నించలేదు. ఒకసారి సాగిన రేకును మళ్ళీ వెనక్కి వంచితే చీలుతుంది.

బంప్ స్టాప్‌లు తిరిగి పెట్టాక అంచు లోపల మెత్తని మట్టి పట్టీలు అంటించి, సామాను చోట ఇసుక బస్తాలు వేసి, పక్క సీటులో యజమానిని కూర్చోబెట్టి, ఆయనకు చప్పుడు వచ్చిన అదే రోడ్డు మీద, అదే వాలు మీద నడిపాను. దిగి చూస్తే కుడి వెనక మట్టి ఒక చోట నొక్కుకుని 7 మి.మీ. మందాన మిగిలింది. కొలతలో 9.5 ఉన్నది రోడ్డు మీద 7 అయింది. ఆ రెండున్నర మి.మీ. టైరు, బుష్‌లు వంగినందువల్ల పోయింది. ఎడమ వైపు మట్టి అంటించినట్టే ఉంది.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

క్యాంబర్ అంకె రాసేటప్పుడు అది పై నుంచి వచ్చిందా, కింది నుంచి వచ్చిందా అన్నది పక్కనే రాస్తున్నాను. స్ట్రట్ సస్పెన్షన్ ఉన్న ఏ పాత కారుకైనా ఇది వర్తిస్తుంది. రెండు విష్‌బోన్‌లు, ట్రెయిలింగ్ ఆర్ములు వంటి వేరే రకం సస్పెన్షన్ ఉన్న కార్లలో లెక్క వేరు, ఇదే సూత్రాన్ని అక్కడ వాడవద్దు.

రిమ్ము కొన్న తర్వాత నా దగ్గరికి వచ్చేవారికి చెప్పేది కూడా మారింది. ఇప్పుడు ముందు కొలత తీసి, స్ట్రట్ ఏది ఉండబోతోందో తేల్చి, ఆ తర్వాతే ఆఫ్‌సెట్ అంకె ఇస్తున్నాను. ఇంకెవరి కారుకో పట్టిన అంకెను నమ్మి రిమ్ములు తెప్పించుకోవడం పాత కార్ల విషయంలో మంచిది కాదు. ఈ ఒక్క కారులోనే కుడి, ఎడమల మధ్య 6 మి.మీ. తేడా ఉంది.

కారు అప్పగించేటప్పుడు యజమానికి ఒక కాగితం ఇచ్చాను. అందులో నాలుగు చక్రాల దగ్గరా మిగిలిన సందులు, కాలరు ఎత్తు, బంప్ స్టాప్ పొడవు ఉన్నాయి. 225 అని రాసి ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల టైర్లు ఒకే వెడల్పు ఉండవు, కొన్నిటి భుజం మరీ చదరంగా ఉంటుంది. అందుకని టైర్లు మార్చే రోజున ముందు ఒక్కటే ఎక్కించి, కుడి వెనక బిగించి, మట్టి పట్టీ పెట్టి నడిపి చూశాకే మిగతా మూడూ ఎక్కించమని ఆ కాగితం చివర రాశాను.